జిల్లా సగటు చూసి విత్తనం వేయలేం

సంపాదకులకు నమస్కారం.

ఖరీఫ్ మొదలైందంటే మీ జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఈ నెల సాధారణ వర్షపాతం ఇంత, కురిసింది ఇంత, ఎక్కువో తక్కువో ఇంత శాతం అని. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల మెట్ట రైతుకు ఆ శాతంతో ఒరిగేదేమీ లేదు. నెలలో 60 మిల్లీమీటర్లు రెండు రోజుల్లోనే కుమ్మరించి తక్కిన రోజులన్నీ ఎండ కాసినా, వారానికోసారి 15 చొప్పున నాలుగు సార్లు పడినా పత్రికలో రెండూ 'సాధారణమే'. చేలో మాత్రం మొదటిది ఎండుకట్టె, రెండోది పంట. ఆ సగటు మీద ఆధారపడే విత్తనాల పంపిణీ, ప్రత్యామ్నాయ ప్రణాళిక, పంట సలహా అన్నీ నడుస్తున్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

2022 ఏప్రిల్ దాకా ఈ రెండూ ఒకే జిల్లా. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. జూన్, జులై వానలకు నమ్మకం తక్కువ, పైగా ఆ నెలల్లో వీచే గాలికి పైనేల తడి రెండు మూడు రోజుల్లో ఎగిరిపోతుంది. ఇంతవరకు అందరికీ ఒకటే. ఆ తర్వాత ఏదీ ఒకటి కాదు. తాడిపత్రి, యాడికి, గుంతకల్లు, విడపనకల్లు వైపు నల్లరేగడి. ధర్మవరం, కదిరి, కళ్యాణదుర్గం వైపు ఎర్ర గరప నేల, చాలాచోట్ల జానెడు మూరెడు లోతుకే కంకర లాంటి గరుసు తగులుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్‌లో ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి, ఇంకో పక్క వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు. మడకశిర, హిందూపురంలో రాగి, మల్బరీ. ఇన్ని రకాల నేలలకు ఒకే విత్తనం, ఒకే తేదీ ఎలా సరిపోతాయి?

నేల లోతు నుంచే లెక్క మొదలవ్వాలి. మూరెడు లోతున్న ఎర్ర గరప నేల నిండా తడిసినా పైరుకు అందే నీరు 40 నుంచి 60 మిల్లీమీటర్లే. ఏపుగా ఉన్న పైరు రోజుకు 4, 5 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వాన ఆగిన పది పన్నెండు రోజులకు పైరు వాడిపోవడం మొదలవుతుంది. మీటరు లోతు నల్లరేగడిలో అదే నీరు 150 నుంచి 200 దాకా ఉంటుంది. నెల రోజులు వాన లేకపోయినా అక్కడి పైరుకు బెంగ లేదు. కాబట్టి 'ఇరవై రోజుల బెట్ట' (వాన లేని ఎద్దడి) అన్న వార్త ఒక ఊరికి చావుకబురు, పక్క ఊరికి కబురే కాదు. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఏ చేను ఎంత లోతో ఒక పట్టిక ఉండాలి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, మంచి వాన పడిన మర్నాడు ఒక గడ్డపార, ఒక టేపు ఉంటే చాలు. చేనుకు నాలుగైదు చోట్ల దించి గరుసు తగిలిన లోతు రాసుకోవాలి.

ఇక విత్తే తేదీ. నూరు, నూటఐదు రోజుల వేరుశనగ రకం కదిరి-6 జూన్ నడిమిలో వేస్తే జులై నడిమికి పూత, జులై చివరి నుంచి ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు), ఆగస్టులో కాయ ఊరుతుంది. సరిగ్గా బెట్ట ఎక్కువగా వచ్చే రోజులవి. అదే పునర్వసు కార్తెలో, అంటే జులై 6 నుంచి 19 లోపు విత్తితే పూత ఆగస్టులో, కాయ ఊరే దశ సెప్టెంబరు వానల్లో పడుతుంది. వేరుశనగకు మొదటి మూడు వారాల్లో కొంత బెట్ట తగిలినా నష్టం లేదు, పూత ఒక్కసారిగా వచ్చి మేలే చేస్తుంది. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తగిలే బెట్టతోనే పంట పోతుంది. పైనేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేక గాలిలోనే ఎండిపోతుంది. అంతకు ముందరి ఆరుద్ర కార్తెలో పడిన మొదటి వానకే గొర్రు కట్టేసే తొందరను రైతు ఒక్కడి మీదకే నెట్టలేం. సబ్సిడీ విత్తనం మే, జూన్‌లోనే ఇంటికి చేరుతుంది, పక్క చేనువాడు విత్తేస్తాడు, ట్రాక్టరు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, చాలిందో లేదో చూడటానికి కంటి అంచనా చాలదు. ఎర్ర నేలలో 20, 25 మిల్లీమీటర్లు పడితే తడి జానెడు దిగుతుంది. అంతకు తక్కువైతే గింజ ఉబ్బి, మొలక బయటికి రాకముందే కుళ్లిపోతుంది.

సబ్సిడీ విత్తనం సంచి లెక్క కూడా చూడండి. సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు సుమారు 1.33 లక్షల మొక్కలు. కదిరి-6 నూరు గింజల బరువు 40 గ్రాములనుకుంటే మొక్కకో గింజ చొప్పున 53 కిలోలు. మొలక 85 శాతం వస్తుందనుకుంటే 62, 63 కిలోల గింజలు కావాలి. 30 కిలోల కాయల సంచి వలిస్తే 20, 21 కిలోల గింజలొస్తాయి, నొక్కులు, పగుళ్లు ఏరితే ఇంకా తగ్గుతుంది. అంటే మూడు సంచులు ఎకరాకే చాలీచాలవు. తక్కింది రైతు ఇంటి విత్తనమో, మండీ విత్తనమో. దాని మొలక పరీక్షించకుండా చేలో పోయకూడదు. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్ట మీద వరసగా పరిచి, పట్ట చుట్టి, నీడన ఉంచి పొద్దున సాయంత్రం నీళ్లు చల్లాలి. ఏడో రోజుకు 70కి తక్కువ మొలిస్తే అది విత్తనం కాదు, నూనె గానుగకు పోవాల్సిన గింజ. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికీ కనీస ప్రమాణం ఆ 70 శాతమే. కాయలుగానే నిల్వ ఉంచి విత్తే ముందు పది పదిహేను రోజుల్లో వలిస్తే మొలక నిలుస్తుంది. విత్తన శుద్ధిలో అందరూ చేసే పొరపాటు నీళ్లు ఎక్కువ పోసి గట్టిగా కలపడం. పైపొర ఊడిన గింజ నేలలో బూజు పడుతుంది. కిలోకు పురుగు మందు ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. 2 మిల్లీలీటర్లు, తెగులు మందు టెబుకొనజోల్ 2 డి.ఎస్. ఒక గ్రాము, డ్రమ్ములో మెల్లగా తిప్పి నీడలో ఆరబెట్టాలి. నత్రజనిని పట్టే బ్యాక్టీరియా రైజోబియం పట్టించేది ఆఖరున.

ఆ ఇమిడాక్లోప్రిడ్ ఎందుకంటే తామర పురుగుల కోసం. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో కాండం కుళ్లు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అది పొగాకు చార వైరస్. తామర పురుగు దాన్ని కడుపులో మోయదు. వయ్యారిభామ పుప్పొడి పురుగు ఒంటికి అంటుకుని వస్తుంది, పురుగు ఆకు గీరిన చోట ఆ పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి ఎక్కుతుంది. వేరుశనగ నుంచి వేరుశనగకు పాకదు. అందుకని చేలో తెగులు మొక్కలు పీకి లాభం లేదు, పీకాల్సింది గట్ల మీద, బాటల పక్క, బంజర్లలో ఉన్న వయ్యారిభామను, అదీ పూతకు రాకముందే. చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్నో సజ్జో వేరుశనగతో పాటే వేస్తే గాలికి కొట్టుకొచ్చే పురుగు అక్కడే ఆగుతుంది. ఈ కంచె పంటను పది రోజులు ఆలస్యంగా వేస్తే పని చేయదు, వేరుశనగ కంటే ఎత్తు ఎదగాలి కదా. ఈ విషయం తెలిసి పాతికేళ్లయింది. అయినా ఉపాధి హామీ పనుల జాబితాలో జూన్‌లో వయ్యారిభామ పీకివేత ఒక పనిగా ఎందుకు ఉండదో అర్థం కాదు.

జిప్సం విషయంలోనూ ఇలాంటి చిన్న తేడాతోనే ఫలితం పోతోంది. వేరుశనగ కాయకు కావాల్సిన కాల్షియం వేరు నుంచి రాదు, కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకుంటుంది. ఆ మట్టి పొడిగా ఉంటే కాల్షియం ఉన్నా అందదు, తాలు కాయలు మిగులుతాయి. ఎకరాకు 200 కిలోలు, పూత దశలో, అంటే విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య, నేల తడిగా ఉన్నప్పుడు మొక్క మొదళ్ల పక్కన పడేలా వేసి కలుపుతో పాటు మట్టి ఎగదోయాలి. ఇసుక నేలలో విత్తేటప్పుడే వేస్తే వానకు కిందికి దిగిపోతుంది. 45 రోజులు దాటాక గుంటక తోలితే దిగిన ఊడలు తెగుతాయి. బస్తా ఆలస్యంగా వచ్చిందని అప్పుడు వేయడం కంటే ఆ ఏటికి మానుకోవడమే నయం.

కంది సాలు గురించి కొంచెం విడమరచి చెప్పాలి. వేరుశనగ ఏడు సాళ్లకు ఒక సాలు కంది అని పాఠం. లోతు తక్కువున్న చేలల్లో పదకొండుకు ఒకటైనా చాలు. వేరుశనగ అక్టోబరు చివరికి పోయాక ఈశాన్య రుతుపవనాల వాన ఏదైనా పడితే కంది ఒక్కటే దాన్ని వాడుకుంటుంది. వేరుశనగ పూర్తిగా పోయిన ఏట ఎకరాకు ఒకటి రెండు సంచుల కందులే విత్తనం ఖర్చు తెస్తాయి. చెడేది ఎక్కడంటే, ట్రాక్టరు గొర్రుకు కంది కోసం వేరే డబ్బా ఉండదు. విసుగెత్తి కంది గింజలు వేరుశనగలోనే కలిపి పోస్తారు. ఎక్కడపడితే అక్కడ మొలిచిన కంది వేరుశనగ పీకేటప్పుడు తెగిపోతుంది. గొర్రులో ఒక గొట్టం మూసేసి ఆ సాలులో మనిషి చేత్తో కంది వదిలించినా సరిపోతుంది, లేదంటే ప్లాంటరుకు రెండో డబ్బా బిగించాలి. రేకులకుంట పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన అనంత ప్లాంటర్ లాంటివి గింజను దూరం తప్పకుండా, ఒకే లోతులో వదులుతాయి. ఇవి రైతు సమూహాల చేతికి అద్దెకు రావాలి. రకం విషయానికొస్తే, ఎర్ర నేలలో 180 రోజుల ఎల్.ఆర్.జి-41 వేసి జనవరిలో కాయ కోసం ఎదురుచూడటం దండగ. పాలెం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పి.ఆర్.జి-176 130, 135 రోజుల్లో చేతికొస్తుంది. ఇంకో చిక్కుంది. వేరుశనగ పీకగానే ఊళ్లోకి గొర్రెల మందలు దిగుతాయి. కంది నిలిచిన చేను ఒక్కరిదే ఐతే అది కాపాడుకోలేనిది. కనీసం ముప్పై నలభై ఎకరాల గుంపుగా కంది సాళ్లు వేసి, డిసెంబరు దాకా మంద తోలకూడదని పంచాయతీలోనే ఒప్పందం చేసుకోవాలి.

వాన ఆలస్యమైతే ఏం చేయాలన్నది హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ సాయంతో తయారైన జిల్లా ప్రణాళికల్లో ఉంది. కాగితంలో లోపం లేదు. ఆ కాగితంలో రాసిన విత్తనం ఆ తేదీకి ఊళ్లో ఉండదు, అదీ బాధ. పుష్యమి దాటితే, అంటే ఆగస్టు మొదటి వారం వస్తే, ఎర్ర గరప నేలల్లో వేరుశనగ మాట మరిచిపోవాలి. అప్పుడు వేసింది అక్టోబరు, నవంబరుల్లో కాయ ఊరాలి, ఆఖరుకు నేలలో తడి ఉండదు. ఆ పదునుకు కొర్ర మేలు. నంద్యాల రకాల్లో సూర్యనంది 70, 75 రోజుల పంట, ఎస్.ఐ.ఎ-3085 దానికి పది రోజులు ఎక్కువ. ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. కాకపోతే గింజ సన్నం, లోతుగా పడితే పైకి రాదు, ఇసుకతో కలిపి అంగుళం లోపే పడేలా వేయాలి. సజ్జ కూడా ఆశ్లేష, అంటే ఆగస్టు నడిమి, దాకా పనికొస్తుంది, ఒక్క చేను వేస్తే మాత్రం పిట్టలే తినిపోతాయి. ఆముదం వేసేవాళ్లు సెప్టెంబరు, అక్టోబరు ముసురులో గెలలకు పట్టే బూజు తెగులు గుర్తుపెట్టుకోవాలి. మఖ దాటితే, అంటే ఆగస్టు ఆఖరుకు, అలసంద; సెప్టెంబరులో పుబ్బ, ఉత్తర వస్తే ఉలవ తప్ప దారి లేదు. ఉలవ ఎకరాకు 8, 10 కిలోలు, పొట్టు పశువుల మేతకు పనికొస్తుంది.

అయినా రైతు వేరుశనగనే పట్టుకుని వేలాడతాడేమని ఆఫీసుల్లో విసుక్కుంటారు. కారణం మొండితనం కాదు. వేరుశనగకు కేంద్రం 2025-26కి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు, కందికి 8,000. జొన్న, సజ్జ, రాగులకూ ధర ఉంది. కొర్రకు, ఉలవకు ఆ జాబితాలో చోటే లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, మన దగ్గరా సభలు బాగానే జరిగాయి, కొర్ర మాత్రం వ్యాపారి చెప్పిన ధరకే పోతోంది. పైగా వేరుశనగ కట్టె ఎద్దులకు, పాడికి మేత. కాయ పోయినా కట్టె దక్కుతుంది. కొర్ర వేయమనాలంటే మండలానికో పొట్టు తీసే మర, వసతిగృహాలకు, అంగన్‌వాడీలకు స్థానిక కొనుగోలు ఉండాలి. లేకుంటే రైతు మాట వినడు, వినకపోవడమే న్యాయం.

నీటి కుంటల మీద చాలా డబ్బు పోసారు. పైన పది మీటర్లు చదరం, అడుగున ఐదు, లోతు రెండున్నర మీటర్ల కుంట నిండితే 146 ఘనపు మీటర్ల నీరు. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడికి 81 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఒక నిండు కుంట ఎకరం ముప్పావుకు ఒక్క తడి, అంతే. ఊడలు దిగే రోజుల్లో స్ప్రింక్లర్‌తో ఇచ్చే ఆ ఒక్క తడి చాలా పంటను నిలబెడుతుంది. కానీ ఎర్ర నేలలో తవ్వి వదిలేసిన కుంట వారం పది రోజుల్లో ఇంకిపోతుంది. జల్లించిన మట్టి ఆరు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి రెండంగుళాల మందాన పూసి, వారం పైన తడుపుతూ ఉంచితే నీరు నిలుస్తుంది. నీరు దిగే దారిలో ఒండ్రు గుంత లేకపోతే మూడేళ్లలో కుంట సగం పూడుతుంది. నిండిన నీటిని సెప్టెంబరు చివరికి దాచుకోవడం కూడా పొరపాటే, ఎండకు రోజూ అర సెంటీమీటరుకు పైగా ఎగిరిపోతుంది.

నల్లరేగడి మండలాల లెక్క పూర్తిగా వేరు, అక్కడ ఖరీఫ్ గొడవే తక్కువ. జూన్‌లో వీలైతే కొర్ర వేసి సెప్టెంబరుకు కోసుకుని, అక్టోబరు నుంచి నవంబరు నడిమిలోపు శనగ వేయడం తెలిసిన పద్ధతి. పైతడి ఆరిపోయి ఉంటుంది కాబట్టి గింజ 8, 10 సెంటీమీటర్ల లోతున పడాలి. శనగ రకం జె.జి-11 ఎకరాకు 25, 30 కిలోలు. కూలీల కొరత ఉన్నచోట నిటారుగా పెరిగే నంద్యాల రకం ఎన్.బి.ఇ.జి-47 యంత్రంతో కోతకు వీలు. నవంబరు నడిమి దాటిందంటే ఫిబ్రవరి ఎండకు కాయ నిండదు. ఈ మండలాలకు జూన్‌లో వేరుశనగ విత్తనం కోటా పెట్టి, శనగ విత్తనాన్ని నవంబరులో హడావుడిగా దించడం తలకిందుల పని.

మీ పత్రికను కోరేది ఒకటుంది. జిల్లా సగటు పక్కన మండలానికి మూడంకెలు వేయండి: ఈ వారం కురిసిన వాన, 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పడిన రోజులెన్ని, చివరి పదును వాన పడి ఎన్ని రోజులైంది. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం తేలేది కూడా దగ్గరి వర్షమాపక కేంద్రం అంకెతోనే, ఊళ్లో పడిన వానతో కాదు. తన మండలం అంకె రోజూ పత్రికలో చూసే రైతు తేడా ఉన్నప్పుడు అప్పుడే అడగగలడు, పంట పోయాక కాదు.

వ్యవసాయ శాఖను కోరేది విత్తన కోటా మార్చమని. రైతు సేవా కేంద్రం వారీగా నేల లోతు పట్టిక చూసి, ఎర్ర నేలల ఊళ్లకు వేరుశనగతో పాటే కంది, కొర్ర ఇండెంటు మేలోనే వేయాలి. కొర్ర, సజ్జ జులై 20కి, అలసంద, ఉలవ ఆగస్టు 10కి గోదాములో ఉండాలి, జిల్లా కేంద్రంలో కాదు, మండలంలో. ఆ ఏడు వేరుశనగ బాగా పడి ఆ సంచులు మిగిలితే, మందు పట్టించని విత్తనమైతే ధాన్యంగా అమ్మేయవచ్చు, ఉలవ ఎక్కడా పారేసే సరుకు కాదు. ఆగస్టు ఆఖరున కలెక్టరేట్‌లో సమీక్ష జరిగి, సెప్టెంబరులో టెండరు పిలిచి, అక్టోబరులో లారీ దిగితే ఆ ఉలవలు చేలోకి కాదు, గుగ్గిళ్లలోకే పోతాయి.

ఇట్లు,
మెట్ట సాగులో పనిచేస్తున్న ఒక విస్తరణ కార్యకర్త,
శ్రీసత్యసాయి జిల్లా